అడవిలా ఉందంటే తప్పా?

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా వెళ్ళే మనవాళ్ళు సిడ్నీ చూసి తిరుగుముఖం పడతారు. కాన్‌బెరాలో బ్లాక్ మౌంటెన్ కొండవాలున ఉన్న జాతీయ వృక్షోద్యానం గురించి ఎవరూ చెప్పరు. 1970లో అధికారికంగా ప్రారంభమైన ఈ తోటలో పెంచేవన్నీ ఆ దేశపు మొక్కలే. గులాబీలూ తులిప్‌లూ ఆశించి వెళితే మాత్రం నిరాశే. నాతో వచ్చినవాళ్ళు పావుగంటకే "ఇదేం తోట, అడవిలా ఉంది" అన్నారు. వాళ్ళు తిట్టిందే నాకు నచ్చింది.

మనం జామాయిల్ అని ఒకే మాటతో సరిపెట్టేసే యూకలిప్టస్‌లో 700 పైచిలుకు రకాలున్నాయి. అక్కడి పచ్చికలో పక్కపక్కనే చూస్తే ఒకదాని బెరడు పాల నునుపు, ఇంకొకటి పేలికలుగా వేలాడుతుంది.

అన్నిటికన్నా అబ్బురం వర్షారణ్యపు లోయ. కాన్‌బెరా గాలి పొడి, చలికాలం మంచు గడ్డకడుతుంది. అలాంటిచోట ఎండు వాగులో సన్నని నీటితుంపర చిమ్ముతూ, చెట్లనీడ పెంచుతూ, వానకారు అడవిని మొలిపించారు. కింద, దక్షిణాన ఉన్న చల్లని దీవి టాస్మానియా మొక్కలతో మొదలై, చెక్కబాట వెంట పైకి నడిచేకొద్దీ వెచ్చని ఈశాన్య రాష్ట్రం క్వీన్స్‌లాండ్ చెట్లు ఎదురవుతాయి. పూలు పూయని ఆకుమొక్కలైన ఫెర్న్‌లు అక్కడ చెట్టంత ఉన్నాయి; వాటి కింద నా కళ్ళజోడు మసకబారింది!

ప్రవేశం ఉచితం. మీ పర్యాటక పేజీలో ఇలాంటి తోటలకూ కాస్త చోటివ్వండి. ఫొటోలు మాత్రం పూలవి కాదు, బెరళ్ళవి వేయండి.

– ఒక పాఠకురాలు