‘ఏ కుళాయి నీళ్లయినా సరే’ అని అమ్మిన హైడ్రోపోనిక్ కిట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం, ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఇంట్లో మట్టి లేకుండా నీళ్లలోనే ఆకుకూరలు పెంచుకునే 12 గుంతల హైడ్రోపోనిక్ కిట్‌లో తప్పుడు సూచనలు, పెట్టె మీద రాసినంత లేని లైటు, డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరణ.

అయ్యా,

మేం హనుమకొండ నయీంనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఉగాదికి ముందు మీ వెబ్‌సైట్‌లో 6,499 రూపాయలు కట్టి ఈ కిట్ కొన్నాను. మట్టి వద్దు, ఎండ వద్దు, కుళాయి నీళ్లు పోసి స్విచ్ వేస్తే చాలు, నెల తిరిగేసరికి ఆకుకూర కోసుకోవచ్చు అని మీ ప్రకటన. మా ఇంట్లో మొక్కలు జానెడు కూడా లేవలేదు, పసుపెక్కి పోయాయి. మీ వాళ్లకు ఫోన్ చేస్తే, “మీరు బుక్‌లెట్‌లో సూచనలు పాటించలేదు మేడమ్, అందుకని వారంటీ వర్తించదు” అని చెప్పి ఫిర్యాదు మూసేశారు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట గురించే. బుక్‌లెట్‌లో ఉన్నది ఉన్నట్టు చేశాను కాబట్టే మొక్కలు పోయాయి. దయచేసి బుక్‌లెట్ పక్కన పెట్టుకుని మిగతాది చదవండి.

కిట్‌తో పాటు ఎరువు మందు ఎ, బి అని రెండు సీసాల్లో ఇచ్చారు. ముందు 4వ పేజీ తీయండి. “ఎ సీసా, బి సీసా మందులను ఒక గ్లాసులో సమానంగా కలిపి, ఆ మిశ్రమాన్ని ట్యాంకులో పోయండి” అని ఉంది. అలాగే కలిపాను. కలిపిన కాసేపటికే గ్లాసులో నీళ్లు విరిగిన పాలలా అయ్యాయి, అడుగున తెల్లటి పిండి దిగింది. అది ఎందుకు దిగిందో మీ లేబుళ్లే చెప్తున్నాయి. ఎ సీసాలో కాల్షియం నైట్రేట్ ఉంది. బి సీసాలో మెగ్నీషియం సల్ఫేట్, పొటాషియం ఫాస్ఫేట్ ఉన్నాయి. చిక్కగా ఉన్నప్పుడు ఈ రెండింటినీ కలిపితే కాల్షియం పోయి సల్ఫేట్‌నూ ఫాస్ఫేట్‌నూ పట్టుకుని గడ్డ కడుతుంది. ఆ గడ్డను వేర్లు తీసుకోలేవు. రెండు సీసాలు ఇచ్చేదే ఇందుకు కదా! నీళ్లలో ముందు ఎ పోసి బాగా కలపాలి, ఆ తర్వాతే బి పోయాలి. మట్టి లేకుండా మొక్కలు పెంచడం మొదలుపెట్టేవాళ్లకు ఎవరైనా మొట్టమొదట చెప్పే జాగ్రత్త ఇది. కంపెనీ బుక్‌లెట్‌లోనే తిరగేసి రాస్తే కొన్నవాళ్లు ఏం చేయాలి?

ఇక 3వ పేజీ. “ఏ కుళాయి నీళ్లయినా సరే, పరీక్షలు అక్కర్లేదు” అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఓరుగల్లు అంతా రాతి నేల. మా అపార్ట్‌మెంట్‌కు వచ్చేది బోరు నీళ్లు. బకెట్లకు, గీజర్ రాడ్డుకు తెల్లగా సున్నం కడుతుంది. నేను ట్యాంకు నింపుతుంటే మా అత్తమ్మ చూసి, “గీ నీళ్లల్ల కందిపప్పే ఉడకదు బిడ్డా, ఆకులేం పెరుగుతయి?” అన్నది. ఆమెకు తెలిసినంత కూడా మీ బుక్‌లెట్ రాసినవాళ్లకు తెలియలేదంటే బాధగా ఉంది.

తర్వాత ఆర్వో ఫిల్టర్ మార్చడానికి వచ్చిన అబ్బాయితో మీటర్ పెట్టించి చూశాను. టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క, 820 చూపించింది. మీరు విత్తనాలు పంపిన లెట్యూస్ (సలాడ్ ఆకు)కు ఎరువులన్నీ కలిపిన తర్వాత ఉండాల్సిందే దాదాపు 600 నుంచి 900. అంటే మీ మందు చుక్క కూడా వేయకముందే మా నీళ్లు నిండిపోయి ఉన్నాయి, అదీ మొక్కకు కావాల్సిన ఎరువుతో కాదు, సున్నంతోనూ ఉప్పుతోనూ. ‘కుళాయి నీళ్లు’ అనేది ఒక కొలత కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ప్రమాణం, ఐఎస్ 10500 ప్రకారమే టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 100 ఉన్నా కుళాయి నీళ్లే, 2000 ఉన్నా కుళాయి నీళ్లే. రెండింటికీ ఒకటే మోతాదు ఎలా సరిపోతుంది?

మా పక్క ఫ్లాట్‌లో ఉండే కెమిస్ట్రీ లెక్చరర్ గారు నీళ్లలో పులుపు, క్షారం ఎంతో చెప్పే పీహెచ్ పేపర్ ముంచి చూస్తే 8 దాకా వచ్చింది. ఈ పద్ధతిలో 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. అది దాటి పైకి పోతే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. మీ లేబుల్ మీద ‘చీలేటెడ్ ఐరన్’ (నీళ్లలో కరిగి ఉండేలా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) అని మాత్రమే రాశారు, పట్టి ఉంచింది ఏ రకమో రాయలేదు. ఈడీటీఏ రకం అయితే 6.5 దాటాక నిలవదు, డీటీపీఏ అయితే ఇంకొంచెం పై వరకు తట్టుకుంటుంది. మీరు వాడిందేమిటో నాకు రాతపూర్వకంగా చెప్పండి.

మొక్కలు చెప్పిందీ ఇదే. పసుపు పచ్చబడ్డవి కొత్త ఆకులు. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టు మిగిలాయి, మధ్యభాగమంతా పాలిపోయింది. ఇనుము అందకపోతే కనిపించే గుర్తు ఇదే. ఫొటోలు జతపరిచాను. నత్రజని తక్కువైతే ముందు పాలిపోయేవి కింది ముదురాకులు. ఇవే ఫొటోలు వాట్సాప్‌లో పంపితే మీ కస్టమర్ కేర్ వాళ్లు “మందు డోసు డబుల్ చేయండి” అన్నారు. ఇంకోసారి “కాస్త ఎండ తగలనివ్వండి మేడమ్” అన్నారు. ఎండ తగిలే చోటు లేకనే కదా మీ దగ్గర ఇంత పెట్టి కొన్నది!

తప్పు నాది కాదని ఊరికే అనడం లేదు. మీ ఎ, బి సీసాలతోనే ఇంట్లో వేరేగా చేసి చూశాను. ఫంక్షన్లలో మిగిలే పెరుగు బకెట్ ఒకటి తీసుకుని, లోపలికి వెలుతురు పోకుండా నల్ల కవర్ చుట్టి, మూతకు రంధ్రాలు చేశాను. ఆర్వో నీళ్లు పోసి, ముందు ఎ, కలిపాక బి వేశాను. చేపల తొట్ల షాపులో దొరికే పీహెచ్ చుక్కలతో చూస్తే 6 దగ్గర ఉంది. వంటింటి కిటికీ దగ్గర పెట్టి తోటకూర నారు దించాను. పంపు లేదు. నీళ్లు తగ్గేకొద్దీ వేళ్ల పై భాగానికి గాలి తగిలేలా వదిలేశాను, దీన్ని క్రాట్కీ పద్ధతి అంటారు. ఆ తోటకూర కూర వండుకునేంత వచ్చింది. మీ కిట్‌లోనూ ఇదే తోటకూర నారు పెట్టాను, మందులూ అవే. మారింది నీళ్లు, కలిపిన వరుస, వెలుతురు.

వెలుతురు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. పెట్టె మీద ‘24 వాట్ల ఫుల్ స్పెక్ట్రమ్ ఎల్ఈడీ’ అని ఉంది. అడాప్టర్ వెనక్కి తిప్పితే 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. మా పాప పదో తరగతి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని దానికే తెలుసు, 12 వచ్చింది. పైగా పంపు కూడా ఆ అడాప్టర్ మీదే నడుస్తుంది. 12 వాట్లు ఇచ్చే అడాప్టర్‌తో 24 వాట్ల లైటు ఎలా వెలుగుతుంది? మొక్కలు సన్నగా, దారాల్లా సాగి వాలిపోయింది అందుకే. అడాప్టర్ ఫొటో కూడా జతపరిచాను, దీనికి మాత్రం బుక్‌లెట్ మీద నెపం వేయలేరు.

లైటు వేసి ఆర్పే టైమర్ సంగతి సరేసరి. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టుకుంటుంది. ఎండాకాలం సాయంత్రాలు మా దగ్గర కరెంటు ఒకసారి పోయి ఊరుకోదు. అర్ధరాత్రి హాలంతా పెళ్లి పందిరిలా వెలుగుతుంటే నిద్ర ఎవరికి పడుతుంది? పగలేమో లైటు ఆరిపోయి ఉంటుంది. చిన్న బ్యాటరీ ఉన్న గడియారం పెడితే పోయేది.

విత్తనాల ప్యాకెట్ల మీద మొలక శాతం లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు. పది రూపాయల మెంతి విత్తనాల ప్యాకెట్ మీద కూడా అవి ఉంటాయి. అందులోనూ మీరు పంపింది లెట్యూస్. నీడలోనైనా 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ రకాలు చాలావరకు మొలకెత్తవు. మే నెలలో 42 డిగ్రీలు మామూలైపోయిన ఊరికి, ఏసీ లేని హాలుకు, ‘ఏ కాలంలోనైనా’ అని రాసి అదే పంపడం ఏం న్యాయం? ప్రకటన బొమ్మలో కొత్తిమీర, పుదీనా, పాలకూర చూపించారు. పెట్టెలో ఒక్కటీ లేదు.

నేను అడుగుతున్నవి ఇవి. నా 6,499 రూపాయలు పూర్తిగా వాపసు చేయాలి. కూపన్లు, ‘తర్వాతి కొనుగోలులో తగ్గింపు’లు నాకొద్దు. కిట్‌ను మీ ఖర్చుతో మీరే తీసుకెళ్లాలి. 3, 4 పేజీలు సరిదిద్ది, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ మెసేజ్ పంపాలి, ఇది నా డబ్బుకన్నా ముఖ్యం. ‘అన్నీ ఇందులోనే’ అని అమ్మేటప్పుడు పీహెచ్ చుక్కలు, టీడీఎస్ మీటర్ పెట్టెలోనే ఇవ్వాలి. ఇప్పుడవి ‘ప్రీమియం’ పేరుతో విడిగా అమ్ముతున్నారు. అంటే నీళ్లు చూసుకోవాలని మీకు తెలుసు, అయినా పరీక్షలు అక్కర్లేదని రాశారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ గడువులో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా ఇక్కడికి రావాల్సింది మీరే. లేని వాట్లు ఉన్నట్టు రాయడాన్ని ఆ చట్టం ఏమంటుందో మీ లాయర్‌ను అడగండి.

బిల్లు, బుక్‌లెట్ పేజీలు, అడాప్టర్ లేబుల్, ఆకుల ఫొటోలు, మీ వాళ్లతో వాట్సాప్ చాటింగ్ జతచేశాను. కిట్ కడిగి, ఆరబెట్టి, వచ్చిన అట్టపెట్టెలోనే సర్ది ఉంచాను. ఎ, బి సీసాల్లో కొంత మందు వాడాను, అది మాత్రం తక్కువ ఉంటుంది. తీసుకెళ్లడానికి మనిషిని పంపేటప్పుడు ముందుగా ఫోన్ చేయించండి, సాయంత్రం ఐదు తర్వాతే ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
నయీంనగర్, హనుమకొండ