వాటిని విడదీయకురా

ఒరేయ్ శ్రీనూ,

నీ తొట్టిలో ఉన్న రెండు క్లౌన్‌ఫిష్‌లలో, అవేరా నారింజ ఒంటి మీద తెల్ల పట్టీల సముద్రపు చేపలు, పెద్దది చిన్నదాన్ని తరుముతోంది, మధ్యలో గాజు పలక పెట్టి వేరు చేసేయనా అని అడిగావు. వద్దురా, అస్సలు చెయ్యకు. నీకు దెబ్బలాటలా కనపడుతున్నది వాటికి జోడీ కుదరటం. తరిమినప్పుడు చిన్నది పక్కకి ఒరిగి ఒళ్ళంతా వణికిస్తోందేమో చూడు. అలా చేస్తోందంటే పెద్దదాని పెత్తనానికి ఒప్పుకున్నట్టే. రెక్కలు చిరిగి, తిండి మానేసి, ఓ మూల పైన నీటి మట్టం దగ్గరే ఉండిపోతే మాత్రం అప్పుడు వేరు చెయ్యి.

షాపువాడు ఒకటి ఆడది, ఒకటి మగది అని ఇచ్చాడన్నావు. అంత చిన్న చేపల్లో అది ఎవరూ చెప్పలేరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. క్లౌన్‌ఫిష్‌లో ఏదీ ఆడదిగా పుట్టదు. ఇవి కాపురముండే పువ్వులాంటి సముద్రజీవిని అనిమోన్ అంటారు. ఒక అనిమోన్‌లో ఉండే గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది అవుతుంది, దాని తర్వాతది మగది. మిగిలినవి ఎటూ కాకుండా వంతు కోసం ఎదురుచూస్తాయి. పైదానికి పోటీ వచ్చేంత పెరిగితే గెంటేస్తుంది కాబట్టి ఒంటి ఎదుగుదలనే అదుపులో పెట్టుకుంటాయి! ఆడది చచ్చిపోతే ఆ మగదే ఆడదైపోతుంది, తర్వాతి వంతుది మగదవుతుంది. ఆడదైనది మళ్ళీ మగది కాదు. హన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె 1977లో నేచర్ పత్రికలో రాసింది ఈ సంగతే. నీ దగ్గర ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉన్నాయి. అంతకంటే ఇంకేం కావాలి? మూడోదాన్ని మాత్రం తేకు, ఈ రెండూ దాన్ని బతకనివ్వవు.

గుడ్లకి ఏడాది పట్టినా పట్టొచ్చు. అనిమోన్ లేదని బెంగపడకు, అది లేకపోయినా పెడతాయి. అవి పడుకునే మూల దగ్గర ఓ పింగాణీ టైల్ ముక్కో, చిన్న మట్టికుండో ఆనించు. ఒక రోజు మగది దాన్ని నోటితో గీకి గీకి శుభ్రం చేస్తుంటుంది, ఆడదాని పొట్ట ఉబ్బి కింద చిన్న గొట్టంలాంటిది బయటికి కనపడుతుంది. ఇక దగ్గరపడ్డట్టే. మధ్యాహ్నం దాటాక ఆడది టైల్‌కి పొట్ట ఆనించి మెల్లగా జరుగుతూ వరసలు వరసలుగా గుడ్లు అంటిస్తుంది, మగది వెనకే వచ్చి వాటిని ఫలదీకరిస్తుంది. మొదట నారింజ రంగులో ఉంటాయి. మొదటి ఒకటి రెండు కాన్పుల్లో గుడ్లు అవే తినేస్తే కంగారుపడకు, కొత్త జంటల్లో అది మామూలే.

అసలు చూడాల్సింది మగదాన్ని. రాత్రింబవళ్ళు విసనకర్ర పట్టుకున్నట్టు పక్క రెక్కలతో గుడ్ల మీదికి నీళ్ళు విసురుతూనే ఉంటుంది, వాటికి ప్రాణవాయువు అందాలని. నోటితో ఒక్కో గుడ్డునీ తడుముతూ చచ్చినవాటిని ఏరేస్తుంది, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. పిల్లలు బయటికి రావటం దగ్గరయ్యేకొద్దీ విసరటం ఇంకా ఎక్కువవుతుంది. ఆ రోజుల్లో నీళ్ళలో చెయ్యి పెడితే వేలెడంత చేప వచ్చి కరుస్తుంది. పెద్ద కాటు కాదులే, కానీ ఆ తెగువ చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుందిరా. నేను పనులన్నీ పక్కనపెట్టి కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటాను, ఇంట్లోవాళ్ళు పిలిచినా వినపడదు.

నీళ్ళు 27 డిగ్రీలు ఉంటే వారం, ఎనిమిది రోజుల్లో గుడ్లలో వెండిరంగు కళ్ళు మెరుస్తాయి. ఆ రాత్రే పిల్లలు వస్తాయి, లైట్లు ఆర్పిన గంటా రెండు గంటల్లో. చీకటి తప్పనిసరి. ఆస్ట్రేలియా పరిశోధకులు 2019లో ఒసెల్లారిస్ అనే రకం క్లౌన్‌ఫిష్ గుడ్లని రాత్రిపూట కూడా దీపాల వెలుగులో ఉంచి చూస్తే ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. మీ హాల్లోకి వీధి దీపం నేరుగా పడుతుంది కదా, ఆ రాత్రి కర్టెన్ గట్టిగా వెయ్యి. టైల్‌ని అదే నీళ్ళతో ఉన్న చిన్న తొట్టిలోకి సాయంత్రమే మార్చి, దాని పక్కనే గాలి బుడగలు వదులు, తండ్రి విసరటానికి బదులుగా.

పిల్లలు పుట్టినప్పుడు నాలుగు మిల్లీమీటర్లు, గాజులా ఉంటాయి. పొడి మేత ముట్టవు, కదిలే తిండే కావాలి. మొదటి వారం రోటిఫర్లు, అంటే నీళ్ళలో ఈదే నలుసంత జీవులు, వాటికి మేతగా సూక్ష్మమైన నాచుతో పచ్చబడ్డ నీళ్ళు. అందుకే రోటిఫర్లని గుడ్లు పెట్టకముందే పెంచి ఉంచుకోవాలి, పిల్లలు వచ్చాక వెతుక్కుంటే అందవు. తర్వాత ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్య పిల్లలు, మన భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో వాడేదే. పదో రోజు అటూ ఇటూగా తల మీద మొదటి తెల్ల పట్టీ వస్తుంది, ఆ తర్వాత నడుం మీద. ఈ లోపల చాలా పోతాయి, మనసు గట్టి చేసుకో.

ఇంకొక్క మాట. ఎవరైనా సముద్రంలో పట్టిన చేపలు చవగ్గా ఇస్తామంటే తీసుకోకు. తమిళనాడులోని మండపం ఊళ్ళో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్ళు వీటిని తొట్లలో పుట్టించి పెంచే పద్ధతిని ఎప్పుడో నిలబెట్టారు. సముద్రంలో పగడపు దిబ్బల మీద ఉన్న జంటని విడగొట్టి తేవాల్సిన అవసరం మనకి లేదు.

దసరాకి హైదరాబాద్ వస్తున్నాను, సీసాలో రోటిఫర్లు పట్టుకొస్తాను. ఈలోగా టైల్ పెట్టి, మగది దాన్ని గీకుతోందో లేదో రాయి. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాద్