లారీ ఓనర్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25: బండి రంగు పని

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు, వాటి జోలికి నేను పోవడం లేదు. నెలవారీ సమావేశాలు మామూలుగానే జరిగాయి. ఇన్సూరెన్సు, పర్మిట్లు, ఫాస్టాగ్ గొడవలు ఎప్పుడూ ఉండేవే. సభ్యత్వ రుసుము పెంచలేదు. నివేదికలో మిగతాదంతా బండి రంగు గురించే, ఎందుకంటే ఏడాదిలో మనం కొత్తగా మొదలుపెట్టింది అదొక్కటే.

ఎందుకు మొదలుపెట్టామో చిత్తూరు, తిరుపతి ఓనర్లకు చెప్పక్కర్లేదు. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఆ తేదీ దగ్గరపడగానే షెడ్డుకు తోలడం, మట్టి మీద, తుప్పు మీద ఒక కోటు ఎనామిల్ కొట్టించడం. ఆర్నెల్లకే అది పొక్కులు పోయి రాలుతుంది. వచ్చే ఎఫ్‌సీకి దాని మీద ఇంకో కోటు. ఇలా కొట్టించే పెయింటు బండిని కాపాడదు, కింద ఉన్న తుప్పును కప్పిపెడుతుంది, అంతే. ఉన్న రంగును సరిగ్గా చూసుకుంటే చాలా బండ్లకు ఏటా ఈ ఖర్చు అక్కర్లేదని, ఆ చూసుకోవడం ఇంటి ముందు ఖాళీ జాగాలో ఆదివారం పూట చేసుకోగలిగిన పనేనని కమిటీ అనుకుంది. మొదటి శిక్షణ రోజున ఒక పెద్దాయన "ఏంది సామీ, లారీకి కూడా స్నో పౌడరా?" అన్నారు. అందరూ నవ్వారు. ఇప్పుడు బకెట్లు అందరికంటే ముందు అడిగి తీసుకెళ్లేది ఆయనే.

ముందుగా తెలుసుకోవాల్సింది మన బండి మీద ఉన్నది ఏ రంగు అని. తెల్లగుడ్డకు కాస్త పాలిష్ అద్ది, కనిపించని మూల రుద్ది చూడండి. గుడ్డకు బండి రంగు అంటితే పైన క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శక పొర, లేదని అర్థం. లోకల్‌గా కట్టించిన బాడీలన్నీ దాదాపు ఇంతే, ఎనామిలో, క్లియర్ లేని పీయూనో (పాలీయురేథేన్ పెయింటు) ఉంటుంది. గుడ్డకు మురికి తప్ప రంగు రాకపోతే క్లియర్ కోటు ఉన్నట్టు. కంపెనీ నుంచి వచ్చిన క్యాబిన్లు, పికప్‌లు ఎక్కువగా ఈ రకం. వీటిలో ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా రాదు. అందులో పైనున్న క్లియర్ 40, 50 మైక్రాన్లు. ఎండను అడ్డుకునేది ఆ పొరే. రుద్దిన ప్రతిసారీ దాన్నే కొంచెం కొంచెం తినేస్తున్నాం. అందుకే ఎంత తక్కువ రుద్దితే అంత మంచిదని శిక్షణకు వచ్చిన పెయింటర్ పదేపదే చెప్పారు.

ఎక్కువ చర్చ జరిగింది కడుగుడు మీదే. మనవాళ్లలో డీజిల్ గుడ్డ అలవాటు బాగా ఉంది. డీజిల్‌తో తుడిస్తే ఆ పూటకు నిగనిగలాడుతుంది, నిజమే. కానీ ఆ జిడ్డు మీద సాయంత్రానికి దుమ్ము పట్టి, మరుసటి రోజు తుడిచేటప్పుడు అదే ఉప్పు కాగితంలా గీస్తుంది. ఎనామిల్ మెత్తబడుతుంది కూడా. అన్నిటికీ మించి, తర్వాత ఎప్పుడైనా పెయింటు వేయాలంటే ఆ జిడ్డు మీద రంగు నిలవదు, చిన్న చిన్న గుంతలుగా విడిపోతుంది. డీజిల్ గుడ్డ మానండని కమిటీ గట్టిగానే చెబుతోంది. బట్టల సబ్బు పొడి కూడా వద్దు, అది రంగు మీద రక్షణగా పూసిన వ్యాక్స్‌ను ఊడ్చేస్తుంది. కార్ షాంపూ వాడండి. లారీ షాంపూ అని వేరే ఏమీ అక్కర్లేదు.

పద్ధతి కష్టమైంది కాదు. పొద్దున్నే, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ముందు ఉత్త నీళ్లు ధారగా కొట్టి ఇసుక, మట్టి జార్చాలి. తర్వాతే గుడ్డ పెట్టాలి. రెండు బకెట్లు: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మామూలు నీళ్లు. పైనుంచి కిందికి రావాలి, చక్రాలు, మడ్‌గార్డులు చివర, వాటికి వేరే గుడ్డ. ప్రెషర్ గన్ వాడితే రేకుకు అడుగు, అడుగున్నర దూరం ఉంచండి. పెయింటు ఇప్పటికే లేచిన చోట గన్ పెడితే మిగిలింది కూడా లేచిపోతుంది.

గ్రానైట్ తోలే బండ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. పాలిషింగ్ యూనిట్ల దగ్గర పడే బూడిదరంగు బురద ఆరాక మెత్తటి పౌడరులా కనిపిస్తుంది గానీ, అందులో ఉన్న క్వార్ట్జ్ ఇనుము కంటే గట్టిది. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, ఎండలో చూస్తే గీతలన్నీ కనిపిస్తాయి. దాన్ని ఎప్పుడూ నీళ్లతోనే దింపాలి.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. కడిగి అలాగే ఎండలో వదిలేస్తే తెల్లటి సున్నం మచ్చలు పడతాయి, నెలల తరబడి ఉంటే రంగులోకి దిగుతాయి. మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తడి లాగేయాలి. పడిన మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్ది, నిమిషం ఆగి, బాగా కడిగేస్తే చాలావరకు పోతాయి. పోకపోతే ఘాటు పెంచకండి, యాసిడ్ జోలికి అసలు పోకండి. బాత్రూం యాసిడ్‌తో క్రోమ్ బంపర్ కడిగినవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ బంపర్ ఇప్పుడు ఎలా ఉందో వాళ్లను అడిగితే చూపిస్తారు.

మామిడి సీజన్లో వచ్చే సమస్య ఇంకెక్కడా ఇంత ఉండదేమో. తోతాపురి లోడుతో ఫ్యాక్టరీల ముందు క్యూలో నిలబడ్డ బండ్ల నుంచి కారే సొన, పగిలిన కాయల రసం వెనక డోరు మీద, పలకల సందుల్లోంచి ఛాసిస్ మీద పడతాయి. రసం పులిసేకొద్దీ పులుపు పెరుగుతుంది. సొన అయితే చర్మాన్నే కాలుస్తుంది, ఇక రంగు ఎంత? అన్‌లోడ్ అయిన రోజే నీళ్లు కొట్టడం ఒక్కటే మందు. ఎండిపోతే గోకొద్దు. తడిగుడ్డ పరిచి నానబెట్టి తీయండి. మొండి సొనకు సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డ కాసేపు ఆనించి తుడవచ్చు, కాకపోతే ఎనామిల్ మీద ముందు ఒక మూల పరీక్షించాలి. టమాటా తోలేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

2024 అక్టోబరులో ఆయుధ పూజకు ముందు ప్రత్యేకంగా ఒక సమావేశం పెట్టాం. పూజలో ఏదీ మానమని ఎవరూ అనలేదు, అనబోము. పసుపు మరక ఎండకు తనంతట తానే వెలిసిపోతుంది, దాని కోసం రబ్బింగ్ (గరుకు పేస్టుతో రుద్దడం) పెట్టొద్దు. కుంకుమ అలా కాదు, ఇప్పుడు బజార్లో దొరికేదాంట్లో రంగు రసాయనాలు ఎక్కువ. తడి తగలకముందే మెత్తటి బ్రష్‌తో దులిపి, తర్వాత కడగాలి. తెల్ల క్యాబిన్ మీద తడి కుంకుమ రుద్దితే గులాబీ రంగు మిగులుతుంది. గుమ్మడికాయను బంపర్‌కు నాలుగడుగుల అవతల కొట్టండి. పూలదండలు ఇనుప తీగతో కాక దారంతో కట్టండి, దారిలో ఊగే తీగ గీసినంత లోతుగా ఏదీ గీయదు. కర్పూరం పళ్లెంలోనే వెలిగించాలి, బానెట్ మీద కాదు. ఈసారి చాలామంది పాటించారు.

పాలిషింగ్ విషయానికొస్తే, వెలిసి తెల్లటి పొడి లేచే రంగు చాలావరకు తిరిగి వస్తుంది. ఎండకు పైపొర మాత్రమే చచ్చి ఉంటుంది, దాన్ని తీసేస్తే కింద రంగు బాగానే ఉంటుంది. కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి రేకు మీద నిమరండి. గరగర తగిలితే బ్రేకు దుమ్ము, తారు చుక్కలు అతుక్కున్నట్టు. తారును తారు రిమూవర్‌తో తీసి, మిగతాదానికి షాంపూ నీళ్లు చల్లుతూ క్లే బార్ (మురికిని లాగే మెత్తటి బంకముద్ద) ఆడించాలి. క్లే ముక్క కిందపడితే పారేయాలి, కడిగి వాడదామనుకోవద్దు. తర్వాత రెండడుగుల చదరం తీసుకుని, ముందు పాలిష్‌తో చేసి చూడాలి. అది చాలకపోతేనే రబ్బింగ్ కాంపౌండ్. మొత్తం క్యాబిన్ మీద పడే ముందు ఆ చదరాన్ని ఎండలోకి తెచ్చి చూసుకోండి.

సంఘం తరఫున ఒక డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే పాలిష్ మిషన్) కొన్నాం. మిషన్ గురించి ఒక మాట. వెల్డింగ్ షాపు యాంగిల్ గ్రైండర్‌కు బఫింగ్ చక్రం తగిలించి పని కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు దయచేసి ఆగండి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. పాలిష్‌కు కావాల్సింది అందులో నాలుగో వంతు కూడా కాదు. ఒక సభ్యుడి పికప్ బానెట్ అంచు ఇలాగే ప్రైమర్ దాకా కాలింది. అంచులు, మడతల మీద రంగు పల్చగా ఉంటుంది, అక్కడ చేత్తోనే చేయాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేపు వేయాలి, లేకపోతే కాంపౌండ్ తెల్లగా పట్టేస్తుంది. ఆర్టిస్టు చేత రాయించిన నామాలు, పూలు, "సౌండ్ హారన్" అక్షరాల మీద మిషన్ పెట్టొద్దు. వాటి మీద క్లియర్ ఉండదు, రెండు చుట్లకే పోతాయి. అలా రాసే చేతులు ఇప్పుడు దొరకడం కూడా కష్టం. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, వెనక ఎరుపు ఎలా ఉందో అలాగే ఉండాలి. థిన్నర్ (పెయింటును పల్చన చేసే ద్రవం) తగిలినా, పెయింటు చెదిరి పడినా అది మెరవదు, ఎఫ్‌సీ దగ్గర ఆపుతారు.

క్లియర్ కోటే పొట్టులా లేచిపోతుంటే పాలిష్‌తో లాభం లేదు. అక్కడ గీకి మళ్లీ పెయింటు వేయాల్సిందే.

పాలిష్ అయ్యాక వ్యాక్స్ తప్పనిసరి. మన ఎండకు మామూలు వ్యాక్స్ నెల, రెండు నెలలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్ ఇంకొంచెం ఎక్కువ ఆగుతుంది. నీళ్లు చల్లితే ముత్యాల్లా జారకుండా పరుచుకుంటున్నాయంటే మళ్లీ వేసే టైమ్ వచ్చినట్టు. సిరామిక్ కోటింగ్ గురించి అడిగారు. లోడు బండికి అంత డబ్బు పోయడం నా దృష్టిలో దండగ, ఆ డబ్బుతో టైరు వస్తుంది.

తుప్పు శిక్షణ నవంబరు చివర పెట్టాలనుకున్నాం. ఫెంగల్ తుఫాను వానలతో జనవరికి వాయిదా పడింది. ఒకందుకు మంచిదే అయింది. తేమ ఎక్కువున్న రోజున వేసిన పెయింటులో థిన్నర్ ఆరుతూ రంగును చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద దిగి తెల్లటి మబ్బులా మిగిలిపోతుంది. వానాకాలంలో షెడ్డు నుంచి వచ్చిన బండ్ల మీద చూసే మబ్బు అదే.

శిక్షణలో తేలిందేమిటంటే తుప్పు ఎక్కువగా మనం చూడని చోటే మొదలవుతుంది: డోరు అడుగు, మెట్టు వెనక, మడ్‌గార్డు మడత, టార్పాలిన్ కొక్కేల చుట్టూ. డోరు కింద నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. అవి గడ్డి, మట్టితో పూడుకుపోతే లోపల నీళ్లు నిలిచి లోపలినుంచే తింటుంది. ఒక పుల్లతో వాటిని శుభ్రం చేయడం ఏడాదిలో మనం చెప్పినవాటన్నిటిలో చౌకైన పని. చెన్నై, కృష్ణపట్నం పోర్టులకు తిరిగే బండ్లు ఉప్పుగాలి తగిలి వచ్చాక అడుగు భాగం కూడా మంచినీళ్లతో కడగాలి. తుప్పు చుక్క కనిపిస్తే దాని మీద పెయింటు పూయడం కాదు, తెల్ల ఇనుము కనిపించేదాకా 80 నంబరు ఉప్పు కాగితంతో గీకి, 180, 320తో అంచులు సాఫు చేసి, ప్రైమర్ వేసి, అది ఆరాక రంగు వేయాలి. రంగు కోడు సాధారణంగా డోరు దగ్గర ప్లేటు మీదో, బండి కాగితాల్లోనో ఉంటుంది. అసలు రంగే మార్చాలనుకుంటే ఆర్సీలో రాసిన రంగు కూడా మారాలి కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

పాత పసుపు, ఎరుపు ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి, కానీ బండ్ల పెయింటు వాటి కిందికి రాదు. కాబట్టి పొడిగా గీకకండి, నీళ్లు పోస్తూ వాటర్ పేపర్ వాడండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. టూ ప్యాక్ పీయూ, అంటే హార్డెనర్ కలిపి వాడే పీయూ పెయింటు, గన్నుతో కొట్టడం మాత్రం ఇంటి దగ్గర వద్దు. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు పట్టుకుంటే ఆస్తమా మిగులుతుంది, మూతికి కట్టుకున్న టవల్ దాన్ని ఆపదు. ఆ పని షెడ్డుకే వదిలేయండి.

ఇక సంఘం సామాన్ల సంగతి. పాలిషర్, ప్యాడ్లు, బకెట్లు వంతుల వారీగా ఇస్తున్నాం. మిషన్ బాగానే ఉంది, ప్యాడ్లే కాంపౌండ్ గట్టిపడి తిరిగొస్తున్నాయి. వాడిన వెంటనే గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టి ఇవ్వాలి. అలా ఇవ్వనివాళ్లు కొత్త ప్యాడ్ కొనివ్వాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. రెండో ప్రతిపాదన, వచ్చే ఏడాది పెయింటు మందం కొలిచే మీటరు కొనడం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు లప్పం (గుంతలు పూడ్చే పుట్టీ) ఎక్కడ ఎంత దట్టించారో అది చూపిస్తుంది, రంగు పని చేయని సభ్యులకు కూడా ఉపయోగమే. మూడోది, మామిడి సీజన్ మొదలయ్యేలోపు, మే నెలలో, డ్రైవర్లకు విడిగా ఒక శిక్షణ. ఓనరు ఎంత నేర్చుకున్నా బండి కడిగేది డ్రైవరు, క్లీనరే కదా.

ఈ మూడింటి మీద సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి నిర్ణయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి