శనివారం బొమ్మ చూసే క్లాసు – థర్డ్ ఇయర్ అందరికీ

అందరికీ నమస్తే 🙏
ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు డెమో రూమ్‌లో మన హ్యుమానిటీస్ సెషన్. గంటన్నర పడుతుంది.

స్క్రీన్ మీద ఒకే బొమ్మ: ల్యూక్ ఫిల్డ్స్ అనే చిత్రకారుడు గీసిన 1891 నాటి ‘ద డాక్టర్’. మొదటి 5 నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, చూడండి అంతే. తర్వాత మూడు ప్రశ్నలు. ఇందులో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకేం కనిపిస్తోంది?

సాధారణంగా తప్పు జరిగేది ఒకచోటే. బొమ్మలో జబ్బుపడ్డ బిడ్డకు ఏం జబ్బో తేల్చేయాలని తొందరపడతాం. వెనక నీడలో నిలబడ్డ తండ్రి, బల్ల మీద తల వాల్చేసిన తల్లి మన కంటికి ఆనరు. వార్డులో రోగి వెంట వచ్చినవాళ్లను దాటేసి నేరుగా మంచం దగ్గరికి వెళ్లిపోవడమూ అచ్చం ఇలాంటిదే.

వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాసి తేవాలి. ఈ వారం మీరు చూసిన ఒక రోగి గురించి, కేస్ షీట్‌లో పట్టని సంగతులు, మామూలు తెలుగులో. ముందు రోగిని అడిగి ఒప్పుకుంటేనే రాయండి. ఆయన ‘గుండెల్లో దడ’ అంటే దడ అనే రాయండి, పాల్పిటేషన్స్ అని మార్చొద్దు. మార్చగానే అది ఏ భయంతో, ఏ వేళలో మొదలైందన్నది జారిపోతుంది.

పేరు, ఊరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరు), ఫోటో ఏవీ వద్దు. ఆ పేజీని ఈ గ్రూపులో అస్సలు పెట్టకండి, కాగితం మీదే తెండి.

డ్యూటీ ఉన్నవాళ్లు శుక్రవారం రాత్రి 9లోపు చెప్పండి, సోమవారం బ్యాచ్‌లో వేస్తాం. మిగతావాళ్లు 2:50కల్లా వచ్చేయండి, కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసుకోవాలి.