మీ ఇంటి టీవీలో బొమ్మ గురించి

కర్నూలు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. ఉగాదికి అనంతపురం వచ్చినప్పుడు మీ కొత్త టీవీ గురించి నేను ఒక్క మాట కూడా అనలేదని నీవు గమనించే ఉంటావు. అల్లుడుగారు ముచ్చటపడి కొన్న 55 అంగుళాల 4కె టీవీకి నలుగురిలో వంక పెట్టడం మర్యాద కాదని ఊరుకొన్నాను గానీ, తిరుగు రైలు గుత్తి, డోన్ దాటి కర్నూలు చేరేదాకా నా మనసులో అదే మెదిలింది. టీవీలో లోపమేమీ లేదమ్మా. అంగడిలో ఎట్లా పెట్టారో ఇంట్లోనూ అట్లాగే వదిలేశారు, అంతే.

అంగడిలో అంత వెలుతురు మధ్య, వరుసగా నిలబెట్టిన టీవీల్లో తమది ముందుగా కంటికి కొట్టాలని ‘వివిడ్’ అనే మోడ్ పెడతారు. అందులో వెలుగు పూర్తిగా పెరుగుతుంది, రంగులు చిక్కబడతాయి, తెలుపులో నీలం కలుస్తుంది. ఆ రాత్రి మీ హాల్లో చూసిన పాత సినిమాలో నాయిక ముఖం కుంకుమ పూసినట్టు ఎర్రగానూ, ఆమె తెల్లచీర నీలిమందు ఎక్కువైన పంచెలాగానూ కనిపించాయి. ముప్పై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ గదిలో నిలబడినవాణ్ణి గనుక నాకది కంట్లో నలుసులా గుచ్చుకొంది. బొమ్మ కెమెరామన్‌ది, దాన్ని చెడగొట్టకుండా తెరదాకా చేర్చడమే ఆపరేటర్ పని అని మా గురువు నేర్పాడు. ప్రొజెక్టర్ దీపంలో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలి వాటి మధ్య ఎడం పెరిగితే తెర మీద వెలుగు తగ్గి తెలుపు మారిపోయేది. ఆట నడిచినంతసేపూ వాటిని సర్దుతూనే ఉండేవాళ్లం.

కాబట్టి మొదట పిక్చర్ మోడ్‌ను ‘సినిమా’ లేదా ‘మూవీ’కి మార్చు. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది ఇంకా మేలు. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ అనే సంస్థ, దర్శకులు తీసిన తీరులోనే ఇంట్లోనూ బొమ్మ పడాలని ప్రకటించిన మోడ్ అది. తెలుపు పసుపు వైపు మొగ్గాలో నీలం వైపు మొగ్గాలో చెప్పే కలర్ టెంపరేచర్ ‘వార్మ్’లో ఉండనీ. స్టూడియోలో రంగులు దిద్దేవారు 6500 కెల్విన్‌ల తెలుపును ప్రమాణంగా పెట్టుకొంటారు, ‘వార్మ్’ దానికి దగ్గరగా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు బొమ్మ పసుపుబారినట్టు అనిపిస్తే కంగారుపడవద్దు, కన్ను ఇన్నాళ్లూ నీలానికి అలవాటుపడి ఉంది. ఒక వారం చూసి ఆ తరువాత పాత మోడ్ పెట్టి చూడు, అప్పుడు నా మాట నమ్ముతావు.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది కదలిక. సినిమాను సెకనుకు 24 ఫ్రేములుగా, అంటే 24 విడి బొమ్మలుగా తీస్తారు. మాటల చిత్రాలు వచ్చిన కాలం నుంచీ అదే లెక్క. మా ప్రొజెక్టర్‌లో షట్టర్ ఒక్కొక్క ఫ్రేమును రెండుసార్లు తెరకు చూపించేది తప్ప, లేని ఫ్రేమును పుట్టించేది కాదు. మీ టీవీ రెండు ఫ్రేముల మధ్య ఇంకొన్నిటిని తానే ఊహించి కల్పిస్తోంది. అందువల్లనే పెద్ద సినిమా కూడా సీరియల్ షూటింగును పక్కన నిలబడి చూసినట్టు జారుడుగా ఉంది, పరుగెత్తే మనిషి చేతుల చుట్టూ నీడలాంటి మసక లేచింది. దీనికి సోనీ ‘మోషన్‌ఫ్లో’ అని, ఎల్‌జీ ‘ట్రూమోషన్’ అని పేర్లు పెట్టుకొన్నాయి. పేరేదైనా సినిమాకు దాన్ని ఆపివేయి. క్రికెట్‌కు మాత్రం అల్లుడుగారు కావాలంటే కొంచెం ఉంచుకోవచ్చు, అందులో నాకు పట్టింపు లేదు.

టీవీని సరిచేసినా, ఇంటర్నెట్ నుంచి సినిమాలు తెచ్చి టీవీకి అందించే స్ట్రీమింగ్ పెట్టె సరిగా లేకపోతే పని సగమే అవుతుంది. ఆ పెట్టె సాధారణంగా ఏది వచ్చినా సెకనుకు 60 ఫ్రేముల లెక్కన పంపుతుంది. 24ను 60లో ఇమడ్చాలంటే ఒక ఫ్రేమును రెండుసార్లు, తరువాతిదాన్ని మూడుసార్లు చూపక తప్పదు. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే చోట్ల బొమ్మ కుంటినడక నడిచేది అందుకే. మన దేశపు టీవీ ప్రసారాలు 50 లెక్క మీద సాగుతాయి గనుక, పెట్టె ద్వారా క్రికెట్ చూసినప్పుడు కూడా బంతి అక్కడక్కడా తడబడుతుంది. పెట్టె సెట్టింగుల్లో ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’ వంటిది ఉంటే దాన్ని ఆన్ చేయి, వచ్చే బొమ్మ లెక్క ఎంతో అంతే టీవీకి అందుతుంది. అదే చోట ‘మ్యాచ్ డైనమిక్ రేంజ్’ కూడా ఉండవచ్చు. అది ఆన్‌లో లేనప్పుడు పెట్టె పాత సినిమాలను సైతం హెచ్‌డీఆర్‌గా (వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను మరింత ఎక్కువగా చూపే కొత్త పద్ధతిలోకి) మార్చి పంపి, ఉన్న రంగులను పాడుచేస్తుంది.

‘బ్రైట్‌నెస్’ అనే పేరు చూసి మోసపోవద్దు. చాలా టీవీల్లో అది నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పేది, తెర మొత్తం వెలుగును పెంచి తగ్గించేది ‘బ్యాక్‌లైట్’. రాత్రి దృశ్యంలో నల్లకోటు మడతలు కనిపించీ కనిపించనట్టు ఉంటే బ్రైట్‌నెస్ సరిపోయినట్టు. తెల్లపంచె మడతలు వెలుగులో కరిగిపోకుండా నిలిస్తే కాంట్రాస్ట్ సరిపోయినట్టు. మీ హాలు కిటికీ పడమటి వైపు ఉంది గనుక ఎండాకాలపు సాయంత్రాలు బ్యాక్‌లైట్ పెంచుకోక తప్పదు, కానీ పరదా వేస్తే అంతకన్నా బాగుంటుంది. షార్ప్‌నెస్‌ను చాలా టీవీల్లో సున్నా దగ్గరికి తేవాలి. అది కొత్త వివరమేమీ తేదు, అంచుల చుట్టూ తెల్లగీత గీస్తుంది, అంతే.

పక్కలకు సాగిన ముఖాల సంగతి ఒకటుంది. తెలుగులో 1974లో తొలి సినిమాస్కోప్ చిత్రం వచ్చిన తరువాత, రీలులో ఇరికించిన బొమ్మను తెర మీద వెడల్పు చేసే స్కోప్ లెన్సు బిగించడం మరిచి రీలు వేస్తే మనుషులంతా సన్నగా పొడుగ్గా తయారై హాలంతా ఈలలు పడేవి. మీ ఇంట్లో దానికి తారుమారు: 4:3 కొలతలో తీసిన పాత సినిమాను 16:9 తెరకు సాగదీయడంతో అందరూ లావెక్కారు. బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి అయిన యాస్పెక్ట్ రేషియోను ‘ఒరిజినల్’కు మార్చు, పక్కన నల్లపట్టీలు వస్తే రానీ. ‘జస్ట్ స్కాన్’ లేక ‘స్క్రీన్ ఫిట్’ అని కనిపిస్తే అదీ ఆన్ చేయి, లేకపోతే నాలుగు అంచులా కొంత బొమ్మ తెగిపోతుంది.

డిష్ పెట్టె బిగించిన కుర్రవాడు మా ఇంట్లో చేసినట్టే మీ ఇంట్లోనూ ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతోనే పని కానిచ్చి వెళ్లాడు. ఆ వైర్లలో హెచ్‌డీ రాదు. నేను కొండారెడ్డి బురుజు దగ్గర ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ కొని తెచ్చుకొన్నాక మా పాత టీవీయే కొత్తదైంది. మీకూ ఒకటి పంపుతున్నాను. నెట్‌ఫ్లిక్స్ 4కె రావాలంటే సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఉండాలని ఆ సంస్థే చెబుతుంది, దానికి తగిన ప్లాన్ కూడా ఉండాలి. మీ రూటర్ పడకగదిలో ఉంది, వీలైతే హాల్లోకి మార్పించండి.

ఒకటి మరిచిపోయేవాణ్ణి. చాలా టీవీలు ఒక్కొక్క హెచ్‌డీఎంఐ పోర్టుకూ, టీవీలోని యాప్‌లకూ, హెచ్‌డీఆర్ బొమ్మకూ సెట్టింగులను విడివిడిగా దాచుకొంటాయి. ఒకచోట మార్చి అంతా మారిందనుకోవద్దు, ప్రతిచోటా మళ్లీ చూసుకో. ఏదైనా కదిపే ముందు ఇప్పుడున్న అంకెలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకో, అల్లుడుగారికి నచ్చకపోతే క్షణంలో వెనక్కి పెట్టవచ్చు. ముందు మార్చేసి, నాలుగు రోజులయ్యాక ఆయనకు చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న