మాలలో బంతికి విత్తనం ముదరదు

సంపాదకుల వారికి,

దసరా వెళ్ళిన ఆదివారం మీ తోటపని పేజీలో ఒక సలహా వేశారు. గుమ్మానికి కట్టిన బంతిమాల ఎండాక నలిపి కుండీలో చల్లితే సంక్రాంతికి పూలు కోసుకోవచ్చని. దయచేసి ఆ మాట సరిదిద్దండి. అదే పని చేసి నేను వరసగా రెండేళ్లు గొబ్బెమ్మల మీదికి పూలు కొనుక్కోవాల్సి వచ్చింది. బెంగళూరు కె.ఆర్. మార్కెట్టులో కొన్న కిలో పూలు ఎండబెట్టి చల్లితే మొలిచినవి 3 మొక్కలు.

కారణం మా మామగారు చెప్పారు. వారిది మదనపల్లె పక్క పల్లె. టమోటా పెట్టేవారు, కాయతొలుచు పురుగు టమోటాను వదిలి బంతి మీద గుడ్లు పెడుతుందని 16 సాళ్ళకు ఒక సాలు బంతి వేసేవారు. టమోటా నారు 25 రోజులదైతే బంతి నారు 40 రోజులది ఉండాలి, రెండూ ఒకేసారి పూతకొచ్చేలా. అలా బంతితో బతికిన మనిషి అన్నారు: "మార్కెట్టు పువ్వును రేకు విచ్చగానే కోస్తారమ్మా, లోపల గింజ ముదరనిస్తే కదా!"

గింజ కావాలంటే పువ్వు చెట్టు మీదే ఎండాలి. కింది పచ్చ బుడిపె గోధుమరంగుకు తిరగాలి, కాడ కూడా ఎండాలి. అప్పుడు రేకులు పట్టి లాగితే సూదుల కట్టలా ఊడి వస్తుంది. నల్లగా గట్టిగా ఉన్న కొసే విత్తనం, తెల్లగా మెత్తగా ఉంటే తాలు. హైబ్రిడ్ మొక్కల గింజ దాచి లాభం లేదు, తల్లి పోలిక నిలవదు. ఊరి నుంచి తెచ్చుకున్న నాటు ముద్దబంతే నా దగ్గర ఏటా నిలుస్తోంది. ప్రతి చెట్టుకూ మొదట పూసిన పెద్ద పువ్వులు రెండు కోయకుండా వదిలేస్తాను.

విద్యారణ్యపురలో మా మిద్దె మీద 14 కుండీలు. అక్టోబరు వానలకు ఇక్కడ నారు మొదలు కుళ్ళి పడిపోతుంది. అందుకని ట్రేలు సజ్జ కింద పెట్టి, తడి ఆరాకే నీళ్ళు చల్లుతాను. అయిదారు రోజుల్లో మొలక, 25 రోజులకు కుండీలోకి. జానెడు ఎత్తుకు రాగానే తల తుంచేస్తాను. మొదటిసారి తుంచినప్పుడు మా అత్తగారు "ఎదిగే చెట్టు తల గిల్లుతావా" అని రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో చెట్టుకు ఏడెనిమిది కొమ్మలు వచ్చి, కొమ్మకొక మొగ్గ కనబడ్డాక ఆవిడే తుంచడం మొదలుపెట్టారు. పేడ ఎరువు మాత్రం ఎక్కువ వేయకూడదు, ఆకు బలిసి పూత తగ్గుతుంది.

ఈ సవరణను వచ్చే ఆదివారమే వేయమని నా మనవి. ఈ నెలాఖరులోపు మంచి గింజ వేసుకుంటేనే సంక్రాంతికి పూలు అందుతాయి. మీ సలహా నమ్మి మాల నలిపి చల్లినవాళ్ళు ఇంకో రెండు వారాలు కుండీ వైపు చూస్తూ కూర్చుంటే, ఆ తర్వాత వేసిన మొక్క భోగి దాటాక గానీ పూయదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విద్యారణ్యపుర, బెంగళూరు