మందు తర్వాత, ముందు నీళ్లు ఆపు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. మొత్తానికి వృద్ధాశ్రమం వంటగది నీ నెత్తిన పెట్టారన్నమాట! అభినందించాలో జాలిపడాలో తెలియడం లేదు. రాత్రి లైటు వేస్తే బొద్దింకలు పరుగులు పెడుతున్నాయి, ఈ ఆదివారమే స్ప్రే కొట్టించేస్తా అని రాశావు. కాస్త ఆగరా.

స్ప్రేకి కనిపించినవి చస్తాయి. మిగతావి చెదిరిపోయి పక్క గదుల్లో దూరతాయి, అక్కడేమో ఆయాసంతో పడుకున్న పెద్దవాళ్లు ఉంటారు. వంటిళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న గోధుమరంగు రకాన్ని జర్మన్ బొద్దింక అంటారు. ఆడది గుడ్ల సంచిని దాదాపు పిల్లలు బయటికి వచ్చేదాకా ఒంటికి అంటించుకునే తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30, 40 గుడ్లు. రెండు మూడు నెలల్లో ఆ పిల్లలు కూడా గుడ్లు పెడతాయి. నెలకోసారి మందు కొట్టి చేతులు దులుపుకుంటే ఎందుకు పని జరగదో నీకే అర్థమవుతుంది.

జెల్ ఎర పెట్టించు. చిన్న చిన్న చుక్కలుగా, సందుల్లో. తిన్నది చాటుకి పోయి చస్తుంది, దాని రెట్టనీ కళేబరాన్నీ తిన్నవి కూడా పోతాయి. కాకపోతే జెల్ ఉన్నచోట స్ప్రే కొడితే ఆ ఎరని అవి ముట్టవు. ఇంకో మాట, మతిమరుపు ఉన్నవాళ్లు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. వాళ్లు తిరిగే చోట ఏ ఎరైనా తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి.

అయితే ఇదంతా తర్వాతి సంగతి. ముందు నీళ్లు ఆపు. తిండి లేకపోయినా బొద్దింకలు వారాల తరబడి బతుకుతాయి, నీళ్లు లేకపోతే అంతకన్నా త్వరగా పోతాయి. సింకు కింద కారే పైపు, ఫ్రిజ్ వెనక నీళ్ల ట్రే, రాత్రంతా బకెట్లో నానే మాప్... ఇవన్నీ వాటికి చలివేంద్రాలే. డ్రెయిన్ దగ్గర ఎగిరే బుల్లి ఈగలకీ మందు అక్కర్లేదు. అవి గుడ్లు పెట్టేది పైపు లోపలి జిగురులో. బ్లీచింగ్ పోస్తే అది పోదు, బ్రష్షుతో రుద్దాల్సిందే. జిడ్డు మీద బ్లీచింగ్ ఎక్కడా సరిగ్గా పనిచేయదులే, ముందు సబ్బుతో కడిగాకే అది.

సరుకుతో వచ్చే అట్టపెట్టెల్ని లోపలికి రానివ్వకు, బొద్దింకలు ఎక్కువగా వాటిలోనే వస్తాయి. చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు, తలుపు కింద నీ పెన్సిల్ దూరితే అదీ దూరినట్టే.

నన్నడిగితే అసలు చిక్కు వంటగదిలో లేదు. భోజనం టైముకి నిద్రపోయిన పెద్దాయన కోసం ప్లేటు మూతపెట్టి గదిలో ఉంచుతారు. ప్రేమతోనే, కానీ గంటల తరబడి అది అలా ఉంటే ఆయన కడుపుకీ చేటు, ఎలుకలకీ విందు. ఆ వయసులో వాంతులు, విరేచనాలు మనలా రెండు రోజుల్లో తగ్గవురా, ఆసుపత్రి దాకా పోతుంది. ప్లేటుని 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టించి, ఆయన లేచాక 75 డిగ్రీల దాకా వేడి చేసి ఇవ్వమను. ఇక బిస్కెట్లు దిండు కింద దాచుకునే వాళ్లుంటారు. తిట్టకు, లాక్కోకు. దాచుకోవడానికి వాళ్లకంటూ మిగిలింది ఆ బిస్కెట్లే. బిగుతు మూత ఉన్న డబ్బా ఒకటి ఇవ్వు, చాలు.

పనివాళ్లు ‘ఇక్కడ పురుగు కనిపించింది’ అని చెబితే వాళ్ల మీద అరవకు. ఒకసారి తిట్టావంటే మళ్లీ నీకెవరూ చెప్పరు. ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో రాయడానికి వంటగదిలో ఓ నోట్‌బుక్ వేలాడదీయి. గమ్ అట్టలు కూడా గోడ వారగా నాలుగు చోట్ల పెట్టు. దేనికి ఎక్కువ అంటుకుంటే గూడు ఆ దరిదాపుల్లోనే ఉన్నట్టు.

ఆదివారం స్ప్రే వాళ్లని వద్దను. ఆ రాత్రి టార్చ్ తీసుకుని ఫ్రిజ్ వెనక చూసి, ఏం కనిపించిందో నాకు రాయి.

నీ
పాత రూమ్‌మేట్